వెనకాల వినబడ్డ గొంతు

రోండా విక్‌స్ట్రమ్ తన రెండో తరగతి గది గోడకు ఒక కాగితం అంటించింది. పిల్లలు ట్యాబ్లెట్‌లో తీసిన ఫోటో అయినా రికార్డింగు అయినా ఇంట్లోవాళ్ల ఫోనుకు పంపే ముందు మొదటినుంచి చివరిదాకా చూడాలి, వినాలి. వేరే పిల్లల ముఖం పడితే చెరిపెయ్యాలి. వేరేవాళ్ల గొంతు వినబడితే చెరిపేసి మళ్లీ తీయించాలి. ఇదీ అందులో ఉన్నది. ట్యాబ్లెట్లు వచ్చిన ఏడాది మిగతా టీచర్లందరినీ కూర్చోబెట్టి ఈ పాఠం చెప్పింది ఆవిడే. పక్క గది టీచరు పంపిన లెక్కల ఫోటోలో ఓ మూల ఎవరి పిల్లాడిదో మోచెయ్యి కనబడిందని దాన్ని వెనక్కి రప్పించిన ఘనత కూడా ఆవిడదే. అంతటి మనిషి తన నోటివల్ల తనే బోల్తా పడింది.

శుక్రవారం పన్ను తొడుగు వేయించుకోడానికి సెలవు పెట్టడంతో వచ్చింది చిక్కంతా. పిల్లల పనులు నేరుగా ఇళ్లకు పోవు. టీచరు చూసి "పంపు" అనేదాకా ట్యాబ్లెట్‌లోని బడి యాప్‌లోనే కాచుక్కూచుంటాయి. ఎన్ని కాచుక్కూచున్నాయో తెర మూలన ఒక ఎర్ర అంకె చెబుతూ ఉంటుంది. ఆ రోజు రోండా బదులు వచ్చినాయన డ్వేన్ అని, రిటైరైన ఆటల మాస్టారు. మంచివాడే. మైదానంలో చెత్త కనబడ్డా, తెర మీద అంకె కనబడ్డా ఊరుకోలేడు, అంతే. సోమవారం పొద్దున వరండాలో ఎదురొచ్చి, "శుక్రవారం నీ ట్యాబ్లెట్‌లో ఓ ఎర్ర అంకె పొద్దుట్నుంచీ నన్నే చూస్తా ఉందమ్మా. అన్నీ పంపు అని ఉంటే నొక్కేశాను, పోయింది," అన్నాడు, ఇల్లు ఊడ్చిపెట్టినవాడిలా సంతోషపడుతూ.

రోండా థ్యాంక్స్ చెప్పింది. ఆ ఊళ్లో ఎవరేం చేసినా థ్యాంక్సే చెబుతారు. తర్వాత గదిలోకెళ్లి తలుపేసుకుని, వెళ్లిపోయినవాటిని ఒక్కొక్కటే తెరిచి వినడం మొదలుపెట్టింది. టోవా చదివిన కథ దగ్గరకు వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

టోవా ఆకురాలు కాలంలో వచ్చింది. తల్లిది దూరాన ఫార్గో పట్నంలో ఆసుపత్రి ఉద్యోగం, తండ్రి సంగతి ఎవరూ అడగరు, పిల్ల అమ్మమ్మ దగ్గర ఉంటోంది. వచ్చిన నాటినుంచి బడిలో గానీ, చర్చిలో గానీ ఒక్క మాట మాట్లాడలేదు. అవునంటే తలూపుతుంది, కాదంటే తల అడ్డంగా తిప్పుతుంది. ఎన్ని ఉపాయాలు పన్నినా నోరు విప్పలేదు. చివరికి రోండా ఒక ట్యాబ్లెట్ చేతికిచ్చి, కోట్లు తగిలించే మూలకు వెళ్లి ఎవరూ లేనిచోట దానికి చదివి వినిపించమంది. పిల్ల తడి కోట్ల కిందికి దూరింది. ఏదో రికార్డు చేసినట్టుంది గానీ రోండా ఇంకా వినలేదు.

ఇప్పుడు విన్నది. సన్నటి గొంతు, స్నానమంటే పడని ఎలుగుబంటి కథ, ఒక్కొక్క మాటా తడుముకుంటూ. రోండా ట్యాబ్లెట్ చెవికి దగ్గరగా పెట్టుకుంది. రెండో పేజీ దాటాక, పలచటి చెక్కగోడ అవతలనుంచి ఇంకో గొంతు మొదలైంది. మంచులో తడిసిన పిల్లల ప్యాంట్లు పిండుతూ ఆయా పెగ్‌తో కబుర్లాడుతున్న రోండా గొంతు అది.

"బుధవారం చర్చిలో లవోన్ గారు మళ్లీ ఆ ఖీమా హాట్‌డిష్ చేసి తెస్తారట," అంటోంది పెగ్.

"తెస్తారులే. పెళ్లినాడు కొన్న ఉప్పు డబ్బాకి ఆవిడ ఇంకా మూత తియ్యలేదనుకుంటా. కిందటిసారి నేను తిన్నది హాట్‌డిష్షో, అది పెట్టి తెచ్చిన అట్టపెట్టో నాకిప్పటికీ తెలీదే."

లవోన్ అంటే బడి బోర్డు పెద్ద. పిల్లలు తగ్గిపోయారని రెండో తరగతి టీచర్లిద్దరిలో ఒకరిని తీసేద్దామా అని వచ్చే నెల తేల్చబోయేది ఆవిడే. అంతకంటే ముఖ్యంగా, టోవా అమ్మమ్మ ఆవిడే. ఆ రికార్డింగు వెళ్లింది కూడా సరిగ్గా ఆవిడ ఫోనుకే.

రోండా చెమటలు తుడుచుకుంటూ ఉండగానే ఇంకొకటి వినబడింది. కోట్ల కిందనుంచి నవ్వు. ముందు ముక్కుతో ఆపుకోబోయి, ఆపుకోలేక, కిలకిలా. తర్వాత పిల్ల ఊపిరి పీల్చుకుని మళ్లీ చదవడం మొదలుపెట్టింది. ఈసారి గొంతు కొంచెం పెద్దదైంది, చివరి పేజీదాకా ఆగలేదు.

ఇక్కడినుంచి చెరిపేస్తే అమ్మమ్మ ఫోనులోంచి కూడా పోతుంది. వేలు పెట్టి నొక్కడమే. గోడమీది కాగితం కూడా అదే చెబుతోంది: వేరేవాళ్ల గొంతు వినబడితే చెరిపెయ్యాలి. రాసింది తనే. ఇంత ధర్మబద్ధంగా తన ఉద్యోగం కాపాడుకునే అవకాశం ఏ టీచరుకూ వచ్చి ఉండదు. అయితే తర్వాతి మాట కూడా ఉందిగా, మళ్లీ తీయించాలి అని. రోండా టోవాను పిలిచి, ఆ కథ ఇంకోసారి చదువుతావా తల్లీ అని అడిగింది. టోవా తల అడ్డంగా తిప్పింది. బతిమాలినా అంతే.

రికార్డింగు కింద అమ్మమ్మ పెట్టిన ఎర్ర గుండె బొమ్మ ఒకటి ఉంది. ఎన్నిసార్లు విన్నారో కూడా చూపిస్తుంది ఆ యాప్. ఆ అంకెను రోండా రెండుసార్లు చదువుకుంది. అంతలా విన్న మనిషికి ఉప్పు డబ్బా సంగతి వినబడకుండా ఎలా ఉంటుంది? వేలు చాలాసేపు గాల్లోనే ఉంది. చివరికి ట్యాబ్లెట్ మూసి సొరుగులో పెట్టేసింది. ఆ పిల్ల గొంతు చెరిపి తను ఈ గదిలో టీచరుగా ఉండి ఏం లాభం అనుకుంది, అనుకున్నందుకు భయపడింది కూడా.

మంగళవారానికి ఊరంతా తెలిసిపోయినట్టే ఉంది, అయితే ఎవరూ ఒక్క మాట అనలేదు. అక్కడి మర్యాద అది. కూర ఎంత అధ్వాన్నంగా ఉన్నా "ఇది వేరేగా ఉందే" అంటారు, దానికి మించిన తిట్టు వాళ్ల దగ్గర లేదు. పోస్టాఫీసులో పన్నెలా ఉందని అడిగారు. కొట్లో పాలడబ్బా ఒక్కటే కొన్నా, కౌంటరు దగ్గరమ్మాయి తల ఎత్తకుండా, ఉప్పు కూడా కావాలా అంది.

బుధవారం వెళ్లకపోతే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని రోండా వెళ్లింది. ఈస్టరు పండగకు ముందు వచ్చే శ్రమకాలం బుధవారాల్లో చర్చి కింది హాల్లో అందరూ కలిసి తింటారు. తలో వంటకం తెచ్చి పొడుగుబల్ల మీద పెడతారు. రోండా ఓ మూల సూప్ పుచ్చుకుని కూచుంది. లవోన్ నేరుగా వచ్చి ఎదురుగా కూచుంది, పక్కన టోవాను కూచోబెట్టుకుంది, మధ్యలో ఖీమా మీద బంగాళదుంప ముక్కలు పేర్చి కాల్చిన తన హాట్‌డిష్ పెట్టింది.

"లవోన్ గారూ, ఆ రికార్డింగులో నేనన్న మాట..." రోండా సూప్ గిన్నె పక్కకు జరిపింది. "తప్పు నాదండీ. మీరు చెరిపెయ్యమంటే ఇప్పుడే చెరిపేస్తాను."

"చెరిపి చూడు అమ్మాయ్, వచ్చే నెల నీ ఉద్యోగం సంగతి చూస్తాను." లవోన్ గరిటె తీసింది. "అది నవ్వి ఎన్నాళ్లయిందో తెలుసా నీకు? ఆదివారం ఇదే హాల్లో అందరికీ వినిపించాను."

రోండాలో టీచరు ఒక్కసారి లేచి కూచుంది. ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ వినకూడదనీ, బడి కాగితం మీద మీరు సంతకం పెట్టారనీ నసిగింది.

"ఇంటర్నెట్‌లో పెట్టనని పెట్టాను సంతకం. ఇక్కడ ఇంటర్నెట్టెక్కడుందీ, సిగ్నలే లేదు," అంటూ లవోన్ ప్లేటు నిండా వడ్డించింది. "ఈసారి డబ్బా మూత తీశాను. తిను."

రోండా ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మూత తియ్యడమే కాదు, డబ్బా అడుగంటా దులిపినట్టుంది. కొత్త తొడుగు కింద పన్ను జివ్వుమంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్క బల్లల దగ్గర చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"ఎలా ఉంది?" అంది లవోన్.

రోండా గుటక వేసింది. నిజం చెబుదామనే నోరు తెరిచింది. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన నోరు కదా, ఇంకో మాట బయటపడింది. "వేరేగా... ఉందండీ."

"ఉప్పు మరీ ఎక్కువైంది అమ్మమ్మా," అంది టోవా. "టీచరు ఏడుస్తోంది, చూడు."

మామూలుగానే అంది, నాలుగు బల్లల అవతలికి వినబడేలా. పెగ్ ఎత్తిన చెంచా అలాగే పట్టుకుని ఉండిపోయింది. లవోన్ లేచి నీళ్ల కూజా తెచ్చి రోండా గ్లాసులో పోసింది. సగం బల్ల మీద పోసింది, అయినా చూసుకోలేదు.

"ఇంకోసారి చెప్పు బంగారూ, నాకు సరిగ్గా వినబడలేదు," అంది.

ఆవిడ చెవులు లక్షణంగా పనిచేస్తాయని ఆ హాల్లో అందరికీ తెలుసు. టోవా విసుక్కుంది, అమ్మమ్మ చెవి దగ్గర నోరు పెట్టి ఈసారి ఇంకా గట్టిగా చెప్పింది.