మిణుకుమన్న పసుపు దీపం

జడ వేయించుకుంటూనే పాప అడిగింది, ఈ రోజు బడికి కారు ఎవరు నడుపుతారని. తల్లి నోరు తెరిచేలోపే, "నువ్వైతే నేను ఎక్కనమ్మా" అంది. ఆ గొంతులో కోపమైనా లేదు. కోపం ఉంటే ఆమెకు ఇంత నొప్పి పుట్టేది కాదు.

కొన్ని నెలల కిందట వానలో ఒక మలుపు దగ్గర కారు జారి గోడను గుద్దుకున్నప్పుడు స్టీరింగు ఆమె చేతుల్లోనే ఉంది. పాప కాలు విరిగింది. కట్టు విప్పాక కూడా కుంటు పూర్తిగా పోలేదు. చూడవచ్చిన వాళ్లందరికీ అత్తగారు "మా కోడలే నడిపింది" అని చెప్పి అక్కడితో ఆపేసేది. ఆ ఆపడమే చాలు, మిగతాది వాళ్లే పూరించుకునేవాళ్లు. భర్త మాత్రం తలవంచుకుని కూర్చునేవాడు. నన్ను ఒక్క మాటా అనలేదు, ఎంత మంచివాడో అనుకుంది పిచ్చిది. కారు తాళాలు ఆయనకిచ్చేసి, వంటా ఆసుపత్రీ ఉద్యోగమూ అన్నీ తనే మోస్తూ, ఇంట్లో ఒదిగి ఒదిగి తిరిగింది.

ఆమె పని ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం. నిన్న చిన్న కార్లు నడిపేవాళ్ల కోసం వేస్తున్న ఒక పుస్తకం ఆమె బల్ల మీదికి వచ్చింది. అక్షరదోషాలు చూడాల్సిన మనిషి అర్థం దగ్గరే ఆగిపోయింది. తడి రోడ్డు మీద చక్రం పట్టు తప్పబోతుంటే కారే కనిపెడుతుందట. ఇంజను జోరు తగ్గించి, ఏ చక్రానికి అవసరమో దానికే బ్రేకు వేసి, బండిని దారిలో ఉంచడానికి చూస్తుందట. అలా చేస్తున్నంతసేపూ ఎదురుగా పసుపు దీపం మిణుకుమంటుంది. కంగారుపడి బటన్ నొక్కి దాన్ని ఆపేయకండి, అని రాసి ఉంది.

కారు జారిన రోజూ ఆ దీపం మిణుకుమంది. పక్క సీట్లోంచి భర్త నవ్వాడు. "చూశావా, నీ డ్రైవింగుకి కారు కూడా మొత్తుకుంటోంది" అంటూ గేరు పక్కనున్న బటన్ నొక్కిపట్టాడు. మిణుకు ఆగింది. తర్వాత వచ్చిందే ఆ మలుపు. ఆ బటన్ నొక్కకపోతే కారు జారేదే కాదని పుస్తకం మాటివ్వలేదు. కానీ పాపకున్న ఆ ఒక్క ఆసరాను ఆయన నవ్వుతూ తీసేశాడు.

పాప బూట్లు వేసుకోవడానికి వెళ్లగానే వంటింట్లో ఆయనకు ఇదంతా చెప్పింది. తెలియక చేశానంటాడనీ, అనగానే ఇద్దరం కలిసి ఏడ్చేద్దామనీ కూడా అనుకుంది.

"తెలుసు" అన్నాడాయన, కప్పు కింద పెడుతూ. "పాప ఆసుపత్రిలో ఉన్నప్పుడే తెలుసుకున్నాను. ఇప్పుడదంతా ఎందుకు తవ్వుతావు? మనిద్దరిలో నా మీదైనా దానికి నమ్మకం మిగిలింది. అది కూడా పోగొడతావా?"

ఇన్నాళ్లూ ఆ వంచిన తలను చూసి తను జాలిపడింది. పక్కన పడుకుని, నిద్ర పట్టడం లేదా అని అడిగింది కూడా. ఆమె కళ్లు తుడుచుకుని, మేకుకు వేలాడుతున్న తాళాలు తీసుకుంది.

పాప కుంటుకుంటూ గుమ్మంలోకి వచ్చి తండ్రి వేలు పట్టుకుంది.

"నాన్న నీకొక మాట చెప్పాలి తల్లీ" అంది ఆమె. "అది విన్నాక, కారు ఎవరు నడపాలో నువ్వే చెప్పు."