ఆమె కూర్చునే దూరం

లెన్సు మీది దుమ్మును రబ్బరు బుడ్డితో ఊదుతూ, మధ్యమధ్య వెలుతురుకెత్తి లోపలి బూజును చూసుకుంటున్నాడాయన. గాజు అంచున దారప్పోగుల్లా అల్లుకున్న బూజు ఇంకాస్త లోపలికి పాకింది. పాకితే పాకనీ అనుకున్నాడు. దాని పుణ్యమా అని వెలుతురు పడ్డచోటల్లా ఫోటోలో పాలు ఒలికినట్టు తెల్లని మసక కమ్ముతుంది. వచ్చినవాళ్ళు, మేం ఇంత బాగుంటామా అని మురిసిపోతారు.

ముందు గది స్టూడియో, వెనక గది కాపురం, మధ్యలో పూల కర్టెను. కర్టెనుకి ఇవతల ఆయన రోజంతా చెప్పే మాట ఒక్కటే: "కదలకండి." పాస్‌పోర్టుకొచ్చిన పెద్దమనిషికీ అదే, బడి కార్డుకొచ్చిన పిల్లకీ అదే. వీధి వీధంతా ఆయన్ని 'కదలకండి గారు' అనే పిలుస్తుంది. అసలు పేరు కరెంటు బిల్లుకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

కొత్త కెమెరా కూతురు కొనిచ్చింది. దాంతో వచ్చిన లెన్సు మహా చురుకు. మనిషి కన్నెక్కడుందో తనే వెతుక్కుని 'పీప్' మంటుంది. ఆయన దాన్ని డబ్బాలో పడుకోబెట్టి, రెంటినీ కలిపే అడాప్టరు వేసి తన పాత లెన్సునే బిగించాడు. కెమెరా దాన్ని గుర్తుపట్టలేదు. 'లెన్సు లేదు' అని తెరమీద మొండికేసింది. కూతురే వచ్చి ఏవేవో నొక్కి దాన్ని దారికి తెచ్చింది.

"కొత్త కారుకి ఎద్దుల్ని కట్టినట్టుంది నాన్నా," అని నవ్వింది.

"ఎద్దులకి దారి తెలుసమ్మా," అన్నాడు.

దారి చేతికి తెలుసు గానీ కన్ను మందగించింది. అందుకే కూతురు పెట్టిన ఇంకో ఏర్పాటు ఆయనకి నచ్చింది. లెన్సు రింగు తిప్పుతుంటే, ఏది స్పష్టంగా పడుతోందో దాని అంచుల మీద ఎర్రని మెరుపు తెరలో కనబడుతుంది. చెవి మీంచి చెంపకీ, చెంప మీంచి రెప్పలకీ నిద్రలో నడిచినట్టు నడుస్తుంది. రెప్పల మీదికి రాగానే నొక్కాలి.

ఆ మెరుపు కూడా ఈమధ్య ఆయన కంటికి పలచబడుతోంది. అది పూర్తిగా పోయేలోపు ఆయనకి ఒక్క పని మిగిలింది. ఊరందరి మొహాలూ తీశాడు గానీ భార్య మొహం ఒక్కటీ సరిగ్గా తియ్యలేదు. దీపం కింద చీకటి. ప్రయత్నించక కాదు. కదలకు అనగానే ఆవిడకి ఏదో గుర్తొస్తుంది, నవ్వొస్తుంది, జుట్టు సవరించుకుంటుంది. కొత్త లెన్సుతో ఓసారి తియ్యబోతే, అది పీప్‌మనగానే ఉలిక్కిపడి కళ్ళు మూసేసుకుంది. రీళ్ళ రోజుల నుంచీ ఆల్బమ్‌లో ఆవిడ ఉన్నచోటల్లా ఓ చెరిగిన మరక. "నా మొహానికి ఫోటో ఒకటా," అని ఆవిడ తీసిపారేసేది. ఆ మాట ఆయనకి ముల్లులా గుచ్చుకునేది.

ఆరోజు ఒకావిడ పసివాణ్ణి తెచ్చింది. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే తల్లి ముందుకీ వెనక్కీ ఊపుతోంది. పసివాడికి కదలకండి అని ఎవడు చెప్పగలడు? వాడి వెంట రింగు తిప్పీ తిప్పీ విసిగి చెయ్యి తీసేశాడు. తీసేశాక చూస్తే, వాడే ఊగుతూ ఊగుతూ మెరుపులోకి వస్తున్నాడు, పోతున్నాడు. వచ్చినప్పుడు నొక్కాడు. చక్కగా పడింది. ఇన్నేళ్ళూ మనుషుల వెంట పరిగెత్తానే గానీ, ఒకచోట నిలబడి వాళ్ళని రానియ్యలేదే అనుకుని నుదురు కొట్టుకున్నాడు.

మధ్యాహ్నం గిరాకీ పల్చబడ్డాక కర్టెను పైకి ముడేసి, కెమెరాతో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వెనక గదిలో కిటికీ పక్క పీట మీద ఆవిడ బఠాణీ కాయలు ఒలుస్తూ, పక్కింటి కబుర్లు చెబుతూ ఊగుతోంది. కబుర్లు చెబితే ఊగడం ఆవిడకి అలవాటు.

"మళ్ళీ మొదలెట్టారా? కదలకూడదా ఇప్పుడు?"

"కదులు. నీ ఇష్టం."

ఆవిడ చేతిలో కాయ ఆగిపోయింది. "ఒంట్లో బాగానే ఉందా మీకు?"

ఆయన రింగును ఓ చోట నిలిపి చెయ్యి తీసేశాడు. ఆవిడ మళ్ళీ కబుర్లలో పడింది. మెరుపు భుజం మీదికొచ్చింది, జుట్టు మీదికొచ్చింది, పోయింది. ఆయన తొందరపడలేదు. "తియ్యగా ఉన్నాయి, పట్టండి," అంటూ ఆవిడ గుప్పెడు గింజలతో ముందుకి వంగింది. రెండు రెప్పలూ ఎర్రగా మెరిశాయి. నొక్కాడు.

అప్పుడు చూసుకున్నాడు పొరపాటు. బాగా కనబడాలని లెన్సు లోపలి రెక్కలు పూర్తిగా తెరిచి చూస్తారు, నొక్కేముందు చేత్తో మళ్ళీ కొంత మూస్తారు. మూయడం మరిచిపోయాడు. అందుకే ఫోటోలో ఆవిడ కళ్ళు తప్ప మిగతాదంతా కరిగిపోయింది. చేతులూ, గింజలూ, కిటికీ అన్నీ పాలవెలుతురే. ఆ కళ్ళు మాత్రం తన కోసమే ముందుకి వంగి ఉన్నాయి. ఆయన కెమెరా తెర ఆవిడ వైపు తిప్పాడు.

ఆవిడ తెరలోకి తొంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇలా ఉంటానా నేను?"

"మొదట్నించీ."

"ఈ మాట ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నారా! ఉండండి, టీ పెట్టుకొస్తా," అంటూ లేచింది. సిగ్గుపడింది కూడా.

ఆయన కెమెరా ఒళ్ళో పెట్టుకుని, గింజలు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. కిటికీ ఎండ మోకాళ్ళ మీదికి పాకింది. హాయిగా ఉంది.

ఆవిడ టీ తెచ్చేసరికి ఆయన తల ఓ పక్కకి వాలి ఉంది. "ఏవండీ," అంది. భుజం తట్టింది. "ఏవండీ, కదలండి... కొంచెం కదలండీ." ఊరందర్నీ కదలకండి అన్న మనిషి ఆవిడ మాట వినలేదు.

కర్మలన్నీ అయ్యాక కూతురు స్టూడియో సర్దుతూ, కెమెరాని గుడ్డలో చుట్టబోతూ లెన్సు రింగు మీద చెయ్యి వేసింది.

"దాన్ని తిప్పకే," అంది తల్లి.

అల్మారా పై అరలో ఆ బూజు పట్టిన లెన్సు అలాగే ఉంది, దాని రింగు కుర్చీకీ కిటికీ పక్క పీటకీ మధ్యనున్న దూరం దగ్గరే ఆగి.