చింతపండుతో తోమిన గుల్ల

కళింగపట్నం రేవులో వలలు దులిపాక మిగిలే చెత్తను లక్ష్మణమ్మ నలభై ఏళ్లుగా కాలితో తన్నేసేది. ఆమె పెంచిన మేనకోడలు యమున సముద్రపు నత్తల మీద పరిశోధన మొదలుపెట్టాక ఆ చెత్త కాస్తా ఇంట్లోకి ఎక్కింది. లక్ష్మణమ్మ బుగ్గలు నొక్కుకుంది గానీ కాదనలేదు.

మూడేళ్లు వెతగ్గా వెతగ్గా కావలసిన గుల్ల ఒక్కటి దొరికింది. బియ్యపుగింజంత ఉంటుంది. నీటిబుడగలా ఉబ్బి, పల్చగా, తెల్లగా. మామూలు నత్తకు పైన మొన ఉంటుందా, దీనికి అక్కడ చిన్న గుంట. నోరేమో ఒళ్లంత పొడవు. ఒంటి చుట్టూ సన్నటి గీతలు. ఆ గీతల్ని బట్టే అది ఏ జాతిదో తేలుతుందని యమున భూతద్దం పెట్టి మరీ చూపించింది. సోమవారం యూనివర్సిటీలో గైడు గారి చేతికిస్తే, పెద్ద మైక్రోస్కోపు కింద ఫొటోలు తీస్తారట. పరిశోధన గట్టెక్కినట్టేనట. లక్ష్మణమ్మ ఊఁ కొట్టింది. ధ్యాసంతా ఎండేసిన చేపల మీద వాలే కాకుల మీదే ఉంది.

ఆదివారం ఇత్తడి సామాను తోముతుంటే ఆమెకు గుల్ల గుర్తొచ్చింది. పెద్దాయన చేతిలో పెట్టే వస్తువు మాసి ఉంటే ఇంటికి నామోషీ కాదూ! చింతపండు రసంలో నానేసి, మెత్తటి గుడ్డతో పసిబిడ్డను తుడిచినట్టు తుడిచింది.

యమున వచ్చి భూతద్దం పెట్టి చూసింది. ఎంతకీ తీయలేదు.

"ఏటే, బాగున్నాదా? మురికి గీతలన్నీ పోనాయి సూడు."

"బాగున్నాది అత్తా," అంది యమున. గొంతు మాత్రం బాగాలేదు.

లక్ష్మణమ్మ భూతద్దం లాక్కుని తనూ చూసింది. ఒలిచిన గుడ్డులా నున్నగా ఉంది. పులుపు సున్నాన్ని తింటుందని ఆమెకు తెలియంది కాదు. గుల్ల కూడా సున్నమేనని తోచలేదు, అంతే. తను మురికనుకున్నవే జాతి తేల్చే గీతలని ఇప్పుడు వెలిగింది.

ఈలోగా యమున ఫోనులో గైడుకు చెబుతోంది. "జారి పగిలిపోయింది సార్. నా అజాగ్రత్తే." అటునుంచి ఆయన కేకలు గదంతా వినిపిస్తున్నాయి. పిల్ల తలొంచుకుని తిట్లు పడుతోంది.

లక్ష్మణమ్మ ఫోను లాగేసుకుంది.

"బాబూ, నాను దీని మేనత్తని. గుల్ల పగల్లేదు. మీకిచ్చేది సుబ్బరంగా ఉండాలని నానే సింతపండెట్టి తోమీసినాను. పిల్ల మూడేళ్ల కట్టం నా సేతుల్తోటే కడిగీసినాను. తిట్టాలంటే నన్ను తిట్టండి."

అంతసేపూ ఏడుపు బిగపట్టిన యమున అత్త భుజం మీద పడి బావురుమంది. లక్ష్మణమ్మ ఊరుకోమనలేదు, ఏడవనిచ్చింది.