పల్జోమ్ వదిన కప్పు మీద మంచు

మంచు ఆగిన సంగతి ముందుగా చెవికి తెలిసింది. పడుతున్నంతసేపూ ఇంటి మీద ఎవరో మెల్లగా పిండి జల్లిస్తున్నట్టు ఉంటుంది. ఆ పొద్దున ఆ చప్పుడు లేదు. పక్కలో అలాగే పడుకుని కాసేపు విన్నాను.

మా ఆవిడ దిక్కిత్ అప్పటికే పొయ్యి రాజేసింది. "పైకెళ్లి చూడు. ఇంకా పడుకుంటే కప్పే నిన్ను చూడ్డానికి దిగొస్తుంది" అంది.

నిచ్చెనెక్కి కప్పు తలుపుని వీపుతో ఎత్తాను. కదల్లేదు. మళ్లీ ఎత్తాను. నెత్తి మీద ఇంత మంచు పడి మెడలోకి జారింది. తల బయట పెడితే ఊరు లేదు. గోడలు లేవు, సందులు లేవు, పొలం గట్లు లేవు. ఏరు కూడా వినపడ్డం మానేసింది. పాల మీద మీగడ తరకల్లాగా నాలుగైదు కప్పులు తేలుతున్నాయి. నేను లేచానో, లేచినట్టు కల కంటున్నానో తెలియలేదు.

ఈ హిమాలయాల్లో, మా లాహుల్‌లో కనుమ మంచుకి మూసుకుందంటే మళ్లీ ఎండలు ముదిరే దాకా బయటి లోకంతో పని లేదు. సగం ఊరు ముందే కుల్లూకి దిగిపోతుంది. మిగిలినవాళ్లం మంచు ఆగగానే కప్పులెక్కి ఎంత పడిందో ఒకరికొకరు కేకేసి చెప్పుకుంటాం. పార పట్టకముందే చెప్పుకోవాలి. కొలవడానికి చెయ్యే. మోచేతి దాకా దించి, అంత మంచు తోసేసి, మళ్లీ దించాలి. నాకు రెండు మూరలకి బెత్తెడు తక్కువ వచ్చింది.

"ఓ బాబాయ్!" కింది ఇంటి కప్పు మీంచి నోర్బు గొంతు. టోపీ కొస తప్ప మనిషి కనపడలేదు. "నాకు నిండా రెండు మూరలు! నీకో?"

చెప్పాను.

"ఈసారీ నాదే ఎక్కువ!"

పై ఇంటి కప్పు మీద పల్జోమ్ వదిన నవ్వింది. "నీ చెయ్యి పొట్టిదిరా. మీ నాన్నకీ అంతే. పొట్టి చేతులవాళ్లకి దేవుడు మంచెక్కువ పోస్తాడు."

"నీకెంతో చెప్పు పెద్దమ్మా. నా చేతి సంగతెందుకు?"

వదిన వంగింది. చాలాసేపు వంగే ఉంది. "రెండు మూరలు. పైన బెత్తెడు."

నోర్బు ఈల వేశాడు. "అమ్మో! ఇవాళ గెలిచావు."

ఊళ్లో అందరికంటే పొడుగు మనిషి పల్జోమ్ వదిన. చెయ్యి కూడా పొడుగే. మా పెదనాన్న కొడుకు తొబ్దన్ భార్య. అన్న పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. నేనెరిగినంత వరకూ మంచు ఎప్పుడూ ఆమె కప్పు మీదే తక్కువ. చెయ్యి పొడుగవడం ఒకటి, పొయ్యి ఎప్పుడూ ఆరకపోవడం ఇంకొకటి. ఎవరు ఎప్పుడు వెళ్లినా ఆ ఇంట్లో టీ మరుగుతూనే ఉంటుంది. కింద వేడి ఉంటే పైన మంచు కూర్చోదు, కుంగుతుంది. అలాంటిది ఈసారి ఆమెదే ఎక్కువ. అదే తలుచుకుంటూ నా కప్పు ఊడ్చుకున్నాను.

మా పక్కిల్లు ఛెవాంగ్‌ది. వాళ్లు కుల్లూ వెళ్లారు. తాళం చెవి నాకిచ్చి, కప్పు కూలకుండా చూడమన్నారు. నా పని అయ్యాక ఆ కప్పెక్కాను. ఎవరికీ చెప్పేది కాకపోయినా అలవాటుగా చెయ్యి దింపాను. రెండు మూరలు. పైన జానెడు. వదిన చేత్తో కొలిస్తే రెండు మూరల మీద బెత్తెడు అవుతుంది.

పార పట్టుకుని అలాగే నిలబడిపోయాను. దీపావళికి ముందే తాళం పడ్డ ఇంటి మీద ఎంత మంచుందో, మనిషి ఉన్న ఇంటి మీద అంతే ఉంది. ఆ పొద్దున వదిన ఇంటి పొగగొట్టంలోంచి పొగ రావడం చూశాను. సన్నగా వచ్చింది, వెంటనే ఆగింది.

ఇంటికి దిగాను. దిక్కిత్ వెన్న వేసి టీ చిలుకుతోంది.

"వదిన ఇంట్లో పొయ్యి వెలగట్లేదు."

"పొగొచ్చిందిగా?"

"పిడక ముట్టించి ఉంటుంది. మనం చూడాలని."

దిక్కిత్ చేతిలో కవ్వం ఆగింది. మంచు ఆగాక వచ్చేదే అసలు చలి. ఆకాశం ఉతికినట్టు తేటగా ఉంటుంది, రాయి పగులుతుంది. ఆ చలిలో పొయ్యి లేని ఇంట్లో పడుకున్న ముసలి మనిషి పొద్దున లేవదు.

"మన కట్టెలు పట్టుకెళ్లు" అంది.

"తీసుకోదు."

"అయితే చెప్పి ఒప్పించు."

"ఏం చెప్పను?"

"ఇన్నేళ్లు వాడకుండా దాచుకున్న మాటలున్నాయిగా. అందులోంచి ఓ నాలుగు తియ్యి."

మంచులో తొడల దాకా దిగబడుతూ పైకి వెళ్లాను. వదిన కప్పు మీద ఆమె చెయ్యి దింపిన గుంట ఒక్కటే ఉంది. పార ఆననే లేదు. ఆ బరువు అలాగే వదిలేస్తే దూలం ఆగదు. ఊడవడం మొదలుపెట్టాను. చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. కప్పు అంచు దాకా వచ్చేసరికి పార కట్టెకి తగిలింది. మా ఊళ్లో అందరం కట్టెలు కప్పు అంచునే పేర్చుకుంటాం. ఆమె పేర్పు మూడు వైపులా నా నడుం ఎత్తున ఉంది. ఏటి ఒడ్డు బేలీ చెట్ల కట్టె, చాలావరకు లావు దుంగలే, బాగా ఎండినవి. ఒక్క దుంగ లాగిన జాడ లేదు. ఇంత కట్టె పెట్టుకుని పొయ్యి ఎందుకు ఆర్పిందో నాకు అర్థం కాలేదు.

కప్పు తలుపు తీసి నిచ్చెన దిగాను.

"ఎవరు?"

"నేను."

"పేరు చెప్పడానికి కూడా బద్ధకించే మనిషి ఈ ఊళ్లో ఒక్కడే. కూర్చో మరిదీ."

పైనుంచి పడ్డ వెలుతురులో ఆమె ఊపిరి పొగలా కనపడింది. గొర్రెతోలు, దుప్పట్లు అన్నీ చుట్టుకుని మూలన కూర్చుంది. ముక్కు మాత్రం బయట ఉంది. బిందెలో నీళ్లు గడ్డకట్టి మధ్యలో బొడిపెలా లేచాయి.

"పొయ్యి?"

"ఇప్పుడే ఆరింది."

ఇనప పొయ్యి మీద చెయ్యి పెట్టాను. అరచెయ్యి అంటుకుపోయింది. మెల్లగా ఊడబీక్కున్నాను.

"నీ కప్పు మీద, ఛెవాంగ్ కప్పు మీద ఒకే లోతు మంచు ఉంది" అన్నాను.

ఆమెకి ఒక్క క్షణం పట్టింది. తర్వాత దుప్పట్లో నుంచే తల కొట్టుకుంది. "నా నోరు పడిపోను! తక్కువ చెప్పాల్సింది."

"ఎందుకు చెప్పలేదు?"

"మంచు దగ్గర అబద్ధమా?" నిజంగానే కోపం వచ్చింది ఆమెకి. "పొగ దగ్గరంటే సరే అనుకో."

"పైన అంత కట్టె ఉంది."

"అది పొయ్యిలోకి కాదు."

"మరి?"

"నన్ను కాల్చడానికి."

ఆమే చెప్పుకొచ్చింది.

"మీ అన్న నడి చలికాలంలో పోయాడు. ఇంటికో మోపు కట్టె తెచ్చి కాల్చారు. ఆ తర్వాత ఎవరి పొయ్యిలో ఏం కాలిందో నాకు తెలియదనుకున్నావా? మీ దిక్కిత్ కూర్చునే బల్ల విరగ్గొట్టింది. నోర్బు వాళ్లమ్మ మగ్గం కర్రలు పెట్టింది. నేను పోయినప్పుడు ఎవరి పొయ్యీ చల్లారకూడదని అప్పుడే అనుకున్నాను. అప్పట్నుంచి ఆ పేర్పు ఎప్పుడూ తగ్గనివ్వలేదు. ఈ ఏడు బేలీ చెట్లకి తెగులొచ్చిందా? కొమ్మ దొరకలేదు. ఉన్న కట్టె రెండిటికీ చాలదు. ఒకటే ఎంచుకున్నాను."

"చచ్చాక వెచ్చగా ఉంటావు" అన్నాను. "మరి ఇప్పుడు?"

"ఇప్పుడు దుప్పట్లున్నాయి."

"నీకు కావలసిన కట్టె నేనిస్తాను."

"నువ్వు నాకంటే ముందు పోతే?"

"నోర్బు ఇస్తాడు."

"ఆ పొట్టి చేతులవాడా? మోపు అంటే వాడికి నాలుగు పుల్లలు." నవ్వింది. నవ్వు మధ్యలో పళ్లు టకటకా కొట్టుకున్నాయి. "వెళ్లు మరిదీ. ఇక్కడ చలిగా ఉంది."

దిక్కిత్ తియ్యమన్న నాలుగు మాటలూ అయిపోయాయి. వెళ్లాలనిపించలేదు. గోడకి ఆనుకుని కూర్చున్నాను.

"వెళ్లమన్నానుగా!"

కూర్చునే ఉన్నాను. ఆమె తిట్టింది. మా అమ్మని, మా అన్నని, మా వంశంలో మూగమొద్దులందరినీ తిట్టింది. కొంతసేపటికి ఆ తిట్లు దూరం నుంచి వస్తున్నట్టు అనిపించాయి. ఒంటి మీద తడి చొక్కా ముందు మంచులా ఉంది, తర్వాత ఏమీ లేనట్టు ఉంది. పాదాలు ఎక్కడున్నాయో తెలియలేదు. బాధగా లేదు. చాలా హాయిగా ఉంది.

పొలాల మీద అంతా తెలుపు. తొబ్దన్ అన్న నడిచి వస్తున్నాడు. కాళ్లు దిగబడ్డం లేదు. చలికాలంలో వేసుకునే బూడిదరంగు కోటు వేసుకున్నాడు, గుండీలన్నీ పెట్టుకున్నాడు. ఎంత పడింది, అని అడిగాడు. చూసి చెబుతానన్నాను. మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి దింపాను. మోచెయ్యి దాటింది. భుజం దాకా వెళ్లింది. నేల తగల్లేదు. లోపల మంచు చల్లగా లేదు, అప్పుడే మరలోంచి దిగిన పేలపిండిలా వెచ్చగా, మెత్తగా ఉంది. ఇంకా దించు, అన్నాడు అన్న. చెంప ఆనించాను. ఇంకా కొంచెం వంగితే అందేలా ఉంది. వంగాను.

చెంప మీద ఫెడేల్మని దెబ్బ పడింది.

"నిద్రపోకురా! అంగ్రూప్! ఒరే, కళ్లు తెరువు!"

నన్ను పేరు పెట్టి, అందులోనూ ఒరే అని వదిన ఎప్పుడూ పిలవలేదు. కళ్లు తెరిచాను. దుప్పట్లన్నీ నా మీద ఉన్నాయి. ఆమె ఒంటి మీద ఏమీ కప్పుకోకుండా నిచ్చెన ఎక్కుతోంది. పైన కట్టె లాగిన చప్పుడు వినపడింది. తర్వాత ఒక దుంగ కప్పు తలుపులోంచి నేల మీద పడి ఇల్లంతా అదిరింది. ఇంకొకటి పడింది. ఇంకొకటి. నేను మళ్లీ కళ్లు మూసుకోబోతే గరిటెతో భుజం మీద కొట్టింది.

గొడ్డలి చప్పుడు, పిడక వాసన, తర్వాత పొయ్యి నోట్లో ఎర్రటి వెలుగు. ఇనుము వేడెక్కుతూ టిక్కు టిక్కు మంది. నా వేళ్లలోకి ప్రాణం వచ్చేసరికి ఏడుపొచ్చినంత పనయింది. ఆమె నా చొక్కా విప్పించి, మా అన్న కోటు తెచ్చి వేసింది. బిందెలో మంచుగడ్డ పగలగొట్టి గిన్నెలో వేసింది. ఉప్పు, వెన్న వేసి టీ చేసి చేతికిచ్చింది. తనకి పోసుకోలేదు.

"నువ్వూ తాగు" అన్నాను.

"నోరు ముయ్యి. మాట్లాడాల్సినప్పుడు మాట్లాడవు." పొయ్యి ముందు కూర్చుని చేతులు చాపింది. "దొంగవి. మూడు దుంగలు. మూడూ మంచివే. నా కాళ్ల కింద పెడదామనుకున్నవి."

"కాళ్లు ఇప్పుడు కాచుకో."

ఆమె నన్ను చూసింది. తిట్టబోయి ఆగింది. కాళ్లు పొయ్యి వైపు జరిపింది.

అప్పుడే పైనుంచి మంచు రాలి, నోర్బు బూట్లు, తర్వాత నోర్బు దిగారు. "ఏంటి పెద్దమ్మా ఇంత పొగ? ఇల్లు తగలబెడుతున్నావా? బాబాయ్, నీకేమైంది, పెళ్లికొడుకులా ఈ కోటేంటి?"

"మీ బాబాయి నా ఇంట్లో చావడానికొచ్చాడు. అంత అప్రతిష్ఠ నాకెందుకని పొయ్యి ముట్టించాను."

నేను రెండు ముక్కల్లో సంగతి చెప్పాను. నోర్బు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. పొయ్యిని చూశాడు, తలెత్తి కప్పు వైపు చూశాడు.

"పెద్దమ్మా" అన్నాడు, "నీ ఒంట్లో ఉన్నదంతా ఎముకలే. దానికి పైనున్న అంత కట్టె ఎందుకు? సగం చాలదూ?"

"పొడుగు మనిషినిరా. కాళ్లు బయటికొస్తాయి."

"వస్తే రానీ. మిగిలిన కాళ్లు వేసవిలో కాలుద్దాం. అప్పటికి కనుమ తెరుచుకుంటుంది, కట్టె కూడా వస్తుంది."

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోంది. ఆ నవ్వు ఆగకుండా దగ్గులోకి దిగింది, దగ్గు మళ్లీ నవ్వులోకి వచ్చింది. "వెధవా" అంది. "చచ్చాక నన్ను రెండుసార్లు లేపుతావా!"

"లేపుతాను. నువ్వు మాత్రం ఇప్పుడు లేచి నాకో గ్లాసు టీ పోసివ్వు. ఇంటికొచ్చినవాడికి టీ లేదా ఈ ఇంట్లో?"

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. వదిన మొహం ఎర్రబడింది. లేచి గిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టింది. ఈసారి మూడు గ్లాసులు దింపింది. తనదీ నింపుకుంది.

తాగినంతసేపూ లెక్కలు వేస్తూనే ఉంది. రోజుకి ఒక్క దుంగే అంది. నోర్బు రెండన్నాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, అదీ సన్నవే అంది. మంచు కాలం పోయేదాకా రోజూ తను వచ్చి కూర్చుంటానని, చలి పుట్టినప్పుడల్లా మూర్ఛపోతానని నోర్బు అన్నాడు. వెధవా అని మళ్లీ అంది, ఈసారి మెల్లగా. రేపు ఆమె చితికి కట్టె చాలకపోతే మా ఇంటి తలుపులు ఉన్నాయని నేను అన్నాను. ఆమె వినలేదనుకుంటాను. గ్లాసు ఒళ్లో పెట్టుకుని గోడకి తల ఆనించింది. మాట మధ్యలోనే కళ్లు మూసుకుపోయాయి. మామూలు నిద్రే. గురక కూడా వచ్చింది.

ఇల్లు వేడెక్కి మట్టికప్పు చెమ్మగిల్లింది. మూలన ఒక బొట్టు పడింది. కాసేపటికి ఇంకొకటి. నోర్బు లేచి శబ్దం కాకుండా దాని కింద గిన్నె పెట్టాడు. పొయ్యిలోకి తొంగిచూశాడు. మూడో దుంగ సగం దాకా కాలింది.

"ఇంకా తేనా?" అని గుసగుసగా అడిగాడు.

తలూపాను.

నిచ్చెన సగం ఎక్కి ఆగాడు. "ఏవి తియ్యను బాబాయ్? సన్నవేనా?"

వదిన నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పాదాలు రెండూ పొయ్యికి దగ్గరగా ఉన్నాయి.

"లావువి" అన్నాను.