మహిమ ముందు పన్ను

మహిమకు పై వరసలో ముందు పాలపన్ను ఊడిన చోట కొత్త పన్ను వచ్చింది. దాని వెనక, అంగిటి వైపు, గద్ద గోరులాంటి కొమ్ము ఒకటి మొలిచింది. నమిలినప్పుడల్లా అది కింది పన్నుకు తగిలి నొప్పెట్టేది; ఎనిమిదేళ్ల పిల్ల అన్నం సగంలోనే వదిలేసి లేచేది.

"కడుపుతో ఉండి గ్రహణం పూట పీతలు కోసింది. పిల్లకు గోరు మొలవదా మరి?" అనేది నానమ్మ అంకమ్మ, కోడలు హెలెన్‌ని చూపించి. ఆదివారం తప్పకుండా చర్చికెళ్లే మనిషే. గ్రహణం దగ్గర మాత్రం ఎవరి మాటా వినదు.

 హెలెన్ భయం వేరు. మహిమ కడుపులో ఉండగా ఏడో నెల దాకా పత్తి చేలో, పురుగుమందు కొట్టిన మర్నాడే కలుపు తీసింది. ఆ మాట మొగుడు ప్రకాష్‌తో కూడా అనలేదు. పొద్దంతా మిరపకాయల తొడిమలు తీసే చేతులు. ఆ కారంతో పిల్ల నోట్లో వేలు పెట్టి చూడ్డానికి కూడా లేదు.

చివరికి మొగుడూ పెళ్లాలు పిల్లను తీసుకుని గుంటూరులో పళ్ల ఆసుపత్రికెళ్లారు.

"పన్ను చిగురు లోపల మొగ్గలా ఉన్నప్పుడే ఒక మడత పొంగి ఇలా గట్టిపడుతుందమ్మా," అంది డాక్టరమ్మ. "ఎందుకో పూర్తిగా ఎవరికీ తెలీదు. కొన్ని కుటుంబాల్లో వస్తుంది."

"నేను పురుగుమందు కొట్టిన చేలో పనిచేశానండి..." అంది హెలెన్.

"దానివల్లేనని చెప్పడానికి ఆధారం లేదు. ఏదీ, మీరిద్దరూ నోరు తెరవండి."

హెలెన్ పళ్లు మామూలుగానే ఉన్నాయి. ప్రకాష్ పై పన్ను వెనక జొన్నగింజంత బుడిపె కనబడింది.

"ఇదీ అలాంటిదే. చిన్నది కాబట్టి మీకు తెలీలేదు. పాపకు మీ నుంచే వచ్చి ఉండొచ్చు. ఖాయంగా అనలేను. పాప పన్ను వెనక కొమ్మును ఒకేసారి అరగదీస్తే నరానికి దెబ్బ. కొద్దికొద్దిగా తీస్తాం, నెలనెలా తీసుకురండి."

ఇంటికి రాగానే ప్రకాష్ తల్లితో అన్నాడు: "నాకూ ఉందంటమ్మా. హెలెన్‌ని ఇంకేం అనబాకు."

అంకమ్మ కొడుకు గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి చూసింది. "ఆ, ఇదొక లెక్కా!" అని పొయ్యి దగ్గరికి పోయింది. గ్రహణం మాట మళ్లీ ఎత్తలేదు.

గెలిచినట్టుంటుందనుకుంది హెలెన్. ఏమీ అనిపించలేదు. ఒళ్లంతా బరువెక్కి, నిద్ర మాత్రం వచ్చింది.

మరుసటి నెల పిల్లను ప్రకాషే తీసుకెళ్లాడు. హెలెన్ పనిలోకి పోకుండా చాపేసుకుని పొద్దుగూకేదాకా పడుకుంది. ఎవరూ లేపలేదు.