కారులో క భాష

కోపం వస్తే నేను క భాషలోకి దిగిపోతాను. ప్రతి అక్షరానికీ ముందు ఒక 'క' తగిలించి గబగబా మాట్లాడేయడమే. చిన్నప్పుడు అమ్మకి తెలియకుండా మా అక్క గీతాంజలీ నేనూ ఇలాగే మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు అమెరికాలో అక్క ఎడిసన్‌లో, నేను ఫ్రిస్కోలో. ఫోన్లో మా భాష మాత్రం మారలేదు. మా ఆయన రాకేష్ పక్కన కూర్చుని కారు నడుపుతున్నా ఆయన మీదే చాడీలు చెప్పుకోవచ్చు. పాపం, ఒక్క ముక్క అర్థం కాదు.

ఆ రోజు నా కోపం శ్యామ్‌సుందర్ గారి మీద. మా కాలనీలో తెలుగుకి తానే కాపలాదారు అనుకుంటారాయన. కిందటేడు వాళ్లింట్లో తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కి వెళ్లినప్పుడు మా అమ్మాయి కృతి "నేను వాటర్ తెస్తుంది అంకుల్" అంటే, ఆ యాసతో సహా అనుకరించి అందరినీ నవ్వించారు. అంతే, పిల్ల నోట తెలుగు ఆగిపోయింది. బతిమాలినా, తిట్టినా జవాబు ఇంగ్లీషులోనే. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండిపోతుంది. ఈ ఏడు విందుకి కారులో మళ్లీ ఆ ఇంటికే బయల్దేరాం.

"పెద్ద చెప్పొచ్చారు గానీ," అన్నాను ఫోన్లో అక్కతో, "కపు కలి కహో కర కలో కఉ కప్పు కలే కదు!"

వెనక సీట్లో కృతి పకపకా నవ్వింది. చటుక్కున ఫోన్ పెట్టేశాను.

"ఏంటే ఆ నవ్వు?"

"అంకుల్ పులిహోర. ఎవ్రీ టైమ్ నో సాల్ట్," అంది. "ఐ గెట్ ఎవ్రీథింగ్, అమ్మా. ఎప్పటినుంచో."

"అయితే నా గురించి ఏమంటుందో చెప్పవే," అన్నారు రాకేష్. నాకు ఒకపక్క సంతోషం, ఒకపక్క ఇన్నాళ్లూ ఏమేం విన్నదోనని భయం.

లోపలికి అడుగుపెట్టామో లేదో, శ్యామ్‌సుందర్ గారు గరిటె పట్టుకుని ఎదురొచ్చారు.

"ఏమ్మా కృతీ, ఈ ఇయర్ అయినా తెలుగు వచ్చిందా? ఒక్క సెంటెన్స్ చెప్పు చూద్దాం!"

హాలంతా ఇటు తిరిగింది. నేను అడ్డుపడబోయాను. అప్పటికే కృతి నోరు తెరిచింది.

"కమీ కపు కలి కహో కర కలో కఉ కప్పు కలే కదు!"

గుక్క తిప్పుకోలేదు. క భాషలో ఏ అక్షరానికి ఆ అక్షరం విడిగా పలకాలి, యాస దూరడానికి సందే ఉండదు. వంటింట్లోంచి ఆయన భార్య చంద్రిక పరుగెత్తుకొచ్చి, "అయ్యో, క భాష! ఎన్నేళ్లయిందే విని!" అంటూ పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఇదేం లాంగ్వేజ్?" అన్నారాయన.

"తెలుగే అంకుల్," అంది కృతి. "క తీసెయ్యండి."

ఆయన వేళ్ల మీద లెక్క పెట్టుకుంటూ కూడబలుక్కున్నారు. "మీ... పు... లి... హో..." చివరికి, "మీ పులిహోరలో ఉప్పు లేదు!" అని తానే గట్టిగా ప్రకటించారు. ఇల్లంతా గొల్లున నవ్వింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన మాత్రం ఒక ముద్ద నోట్లో వేసుకుని మొహం చిట్లించారు.

"నిజమే తల్లీ. నీ తెలుగు బానే ఉంది, లేనిది ఉప్పే. లాస్ట్ ఇయర్ నేనలా నవ్వకుండా ఉండాల్సింది."

కృతి ముఖం వెలిగిపోయింది.

"నేను తెస్తుంది అంకుల్!" అని ఉప్పు కోసం వంటింట్లోకి పరుగు తీసింది.

ఈసారి ఎవ్వరూ నవ్వలేదు. నేనూ దిద్దలేదు.