లప్పం మీద బొటనవేలి గీత

అద్దాల వ్యాపారంలో లాభం చడీచప్పుడు లేకుండా వస్తుంది. నష్టం మాత్రం వచ్చిన క్షణంలోనే చప్పుడు చేసి మరీ చెబుతుంది. రెండు నెలల్లో మూడుసార్లు ఆ చప్పుడు వినాల్సి వచ్చింది అద్దాల కొట్టు యజమానురాలికి. మూడుసార్లూ పాత పికప్ బండిలోనే, మూడుసార్లూ కొండెక్కే దారిలోనే. మూడుసార్లూ స్టీరింగు పట్టుకున్నది కూతురే.

ఆవిడ లెక్క సూటిగా ఉంది. పద్దెనిమిదేళ్లు ఆ బండిని తానే నడిపింది, కుదుపుకు ఒక్క అద్దం పలక కూడా పగల్లేదు. తాళం కూతురి చేతికిచ్చిన వారంలోనే ఇంజన్ దగ్గడం, ఎక్కుడులో ఈడ్చడం, ఉండుండి ఎగిరెగిరి పడటం మొదలయ్యాయి. మారింది బండి తోలే మనిషి ఒక్కతే. కాబట్టి తప్పు ఎక్కడుందో వేరే వెతకనక్కర్లేదు. బీటువారిన మూడు పలకలనూ పారేయకుండా కొట్టులో మెట్ల కింద గోడకు చేరవేసి ఉంచింది. కూతురు రోజుకు పదిసార్లు అటుగా నడవాలి మరి.

బండి అమ్మేద్దామని తేల్చేసింది. ఉల్లిపాయల వ్యాపారి ఒకడు మధ్యాహ్నం వచ్చి చూసుకుంటానన్నాడు. ఇకమీద సరుకు అద్దె బండ్లలో వెళుతుంది, కూతురు బుద్ధిగా గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది.

కూతురు వాదించలేదు. "ఒక్కసారి మామయ్యకి చూపిద్దాం. ఆయన కూడా నా తప్పే అంటే తాళం నీ చేతిలో పెట్టేస్తా, మళ్లీ అడగను" అంది. చవకైన బేరం అనిపించి తల్లి ఒప్పుకుంది. ఇరవై నాలుగేళ్ల ఆ పిల్లకి నాలుగు గోడల మధ్య ఊపిరాడదని ఆవిడకు తెలియకపోలేదు. తెలిసినా, లెక్క లెక్కే.

ఆవిడ తమ్ముడి మెకానిక్ షెడ్డు రోడ్డు చివర ఉంది. నేలంతా నల్లటి నూనె మరకలు, గోడ మీద కొలతల వరసలో వేలాడదీసిన స్పానర్లు, వెనక పెరట్లో ప్రాణం పోయిన బండ్లు నాలుగు.

"రా అక్కా. జబ్బు బండికా, తోలేదానికా?" అంటూ లేచాడు మెకానిక్కు.

"అది తేల్చడానికేగా నీ దగ్గరికొచ్చింది."

"మామయ్యా, డబ్బులు ఆవిడిస్తుందని తీర్పు అటు తిప్పకు" అంది కూతురు.

"ఆవిడ డబ్బులిచ్చిన రోజు నాకు గుర్తు లేదే తల్లీ!" అని బానెట్ ఎత్తాడు.

ఇంజన్ స్టార్ట్ చేయించి, ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటీ పీకడం మొదలుపెట్టాడు. "ఇది నలుగురు కలిసి మోసే బరువక్కా. పనిచేసేవాణ్ని పక్కకి లాగితే మిగతా ముగ్గురూ మూలుగుతారు. పనిదొంగని లాగితే ఎవడికీ తేడా తెలీదు. వాణ్ని పట్టుకోవడం ఇంతే."

ఆ పద్ధతి ఆవిడకు భలే నచ్చింది. కొట్టులో పనివాళ్లకు కూడా అలాంటి వైర్లుంటే ఎంత బాగుండేది! కానీ మొదటి వైరు పీకినా ఇంజన్ మూలిగింది, రెండోది పీకినా మూలిగింది, మూడూ నాలుగూ అంతే. దొంగ దొరకలేదు.

ప్లగ్గులు విప్పి వెలుతురులో తిప్పి చూశాడు. "కాస్త తెల్లగా ఉన్నాయి. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువవుతున్నట్టుంది..." అని గొణుక్కున్నాడు. పెట్రోలు ఫిల్టరు చూశాడు, శుభ్రంగా ఉంది. పెట్రోలు ధార చూశాడు, బాగానే వస్తోంది. సిలిండర్లలో బిగువు కొలిచాడు, నాలుగూ సమానం. గాలి గొట్టం పైనుంచి తడిమాడు, ఏ లోపమూ లేదు. గంటన్నర గడిచాక చేతులు తుడుచుకుంటూ, "ఇంజన్ గుండ్రాయిలా ఉందక్కా" అన్నాడు.

"విన్నావుగా" అని తల్లి చెయ్యి చాపింది.

కూతురు జేబులోంచి తాళం తీసింది. తీసింది గానీ ఇవ్వలేదు.

"మామయ్యా, ఒక్కమాట. ఇదంతా బండిని నిలబెట్టి చూశావు. నిలబడి ఉన్నప్పుడు అదెప్పుడూ మిస్ కొట్టలేదు. నీళ్ల ట్యాంకు మలుపులో, రెండో గేర్లో, బరువు లాగేటప్పుడే కొడుతుంది."

"అయితే ఇప్పుడు కొండని ఇక్కడికి తెప్పించమంటావా?"

"తెప్పిస్తా. చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టు. హ్యాండ్‌బ్రేకు బిగించి రెండో గేర్లో లాగిస్తా. నువ్వు పక్కనుంచి ఇంజన్‌ని చూడు."

మెకానిక్కు ఆగి మేనకోడలి వంక కొత్తగా చూశాడు. "దీని బుర్ర నీది కాదక్కా" అన్నాడు. అక్కను బండి ముందునుంచి పక్కకు జరిపి, చక్రాల కింద రాళ్లు పెట్టాడు.

కూతురు బలమంతా పెట్టి హ్యాండ్‌బ్రేకు బిగించి, క్లచ్చి కాస్త కాస్త వదులుతూ యాక్సిలరేటర్ తొక్కింది. బండి కదల్లేదు, ఇంజన్ కదిలింది. బిందె చంకనెత్తుకున్న మనిషిలా మొత్తం ఓ పక్కకు ఒరిగింది. పద్దెనిమిదేళ్లు నడిపినావిడ, బరువు లాగేటప్పుడు ఇంజన్ అలా ఒరుగుతుందని మొదటిసారి చూసింది. సీట్లో కూర్చున్నవాళ్లకు బానెట్ కింద జరిగేది కనబడదు కదా.

ఒరగగానే సన్నగా బుస్సుమన్న చప్పుడు. వెంటనే టప్, టప్ అని రెండు దగ్గులు. బండంతా ఎగిరిపడింది.

"ఆపు, ఆపు! దొరికాడు దొంగ!" మెకానిక్కు గాలి గొట్టం కిందికి చెయ్యి పోనిచ్చాడు. "ఇదిగో, ఇక్కడ పీలుస్తోంది. చూడక్కా, లోపలికెళ్లే గాలిని లెక్కపెట్టే పరికరం ఈ గొట్టం మొదట్లో ఉంది. అది చెప్పిన లెక్క ప్రకారమే పెట్రోలు వెళుతుంది. మధ్యలో చిల్లు పడితే లెక్కలోకి రాని గాలి దొడ్డిదారిన దూరుతుంది. ఇంజన్ ఒరిగితేనే చిల్లు తెరుచుకుంటుంది, నిలబెడితే మూసుకుంటుంది. అందుకే నాకు చిక్కలేదు."

అంతకన్నా బాగా ఆవిడకు ఎవరూ చెప్పలేరు. గుమ్మం దగ్గర సరుకు ఎంచుతూ మనిషి కూర్చుంటే, వెనక తలుపులోంచి ఎంచని సరుకు వచ్చిపడుతోందన్నమాట. ఇక ఏ లెక్క తేలుతుంది?

మెకానిక్కు గొట్టం విప్పి తిరగేశాడు. అడుగున మట్టి కింద బూడిదరంగు పట్టీ ఒకటి, మధ్యలో నెర్రెలిచ్చి ఉంది. గోటితో గీకి వాసన చూశాడు.

"ఓరి నాయనో! లప్పం! రబ్బరు గొట్టానికి కిటికీలకు పెట్టే లప్పం పెట్టాడు! ఎవడక్కా ఈ మహానుభావుడు?"

ఆవిడ కుడిచేతి బొటనవేలు దానంతట అదే పిడికిట్లోకి ముడుచుకుపోయింది. ఎన్నో ఏళ్ల కిందట పలక జారి ఆ వేలి మీద నిలువునా తెగింది. మాని మచ్చయింది. అప్పటినుంచి ఆవిడ లప్పం పెట్టిన ప్రతి కిటికీ అంచులోనూ ఏటవాలుగా ఒక నునుపు, నునుపు మధ్యలో సన్నటి గీత ఉంటాయి. ఈ పట్టీ మీద కూడా అదే ఏటవాలు, అదే గీత.

కూతురు చూసింది. చిన్నప్పటినుంచీ తల్లి పక్కన కూర్చుని ఆ గీతనే చూస్తూ పని నేర్చుకున్న పిల్ల. పట్టీని చూసి, తల్లి పిడికిలిని చూసింది. మరుక్షణం మేనమామ చేతిలోంచి గొట్టం లాక్కుని, స్క్రూడ్రైవరు మొనతో పట్టీ మీది గీతని గీకేసింది.

"ఎవరైతే ఏంటి మామయ్యా. ఇలాంటిది ఇంకోటి దొరుకుతుందా చెప్పు."

తల్లి ఊరకున్నా సరిపోయేది. జబ్బు దొరికింది, పిల్ల మీద తప్పు పోయింది, తన పేరు బయటపడలేదు. ఎదుటివాడు తనకు రావలసింది వదిలేస్తుంటే కిక్కురుమనకుండా తీసుకుని జేబులో వేసుకోవడం ఆవిడకు బాగా అలవాటే. కానీ తను మూడు పగిలిన పలకల్ని రెండు నెలలపాటు పిల్ల కళ్లెదుట నిలబెట్టింది. పిల్ల మాత్రం తల్లి గీతని నిమిషమైనా ఉండనివ్వలేదు. ఇది జేబులో పట్టే సరుకు కాదు.

పిడికిలి విప్పింది. "ఆ మహానుభావుణ్ని నేనేరా."

"నువ్వా!"

"దీనికి తాళం ఇవ్వడానికి ముందురోజు ఇంజన్‌లో నీళ్లు చూస్తుంటే గొట్టం కాస్త చీలినట్టు కనిపించింది. కొత్తది రావడానికి నాలుగు రోజులన్నారు. పిల్ల మొదటిరోజే దారిలో ఆగిపోకూడదని చేతిలో ఉన్న లప్పం పెట్టేశా. తర్వాత మర్చిపోయా. అది ఆరి గట్టిపడి..."

మెకానిక్కు పడీపడీ నవ్వుతూ టైరు మీద కూలబడ్డాడు. "నయమే, రేడియేటర్ కారుతోందని దానికి కిటికీ రెక్క బిగించలేదు!"

"నోర్ముయ్యరా" అంది అక్క, తనకూ నవ్వొస్తుంటే ఆపుకుంటూ.

కూతురు నవ్వలేదు. "నా కోసమే పెట్టావా?"

"నీ కోసమే పెట్టాను. నీ మీదకే నెట్టాను. తాళం జేబులో పెట్టుకో" అంది.

పెరట్లో చచ్చిపడి ఉన్న అదే రకం బండికి గొట్టం ఇంకా మెత్తగానే ఉంది. దాన్ని ఊడదీసి, నాలుగు వైపులా వంచి చూసి బిగించాడు మెకానిక్కు. మళ్లీ రాళ్లు పెట్టి లాగించారు. ఇంజన్ ఒరిగింది గానీ బుస్సుమనలేదు, దగ్గలేదు. ఈలోగా ఉల్లిపాయల వ్యాపారి ఫోను.

"బండి అమ్మట్లేదండీ."

"ధర కొంచెం పెంచమంటారా?"

"బేరం కాదయ్యా. బండి బాగుపడింది."

సాయంత్రం కొండ మీది డాన్సు స్కూలుకు ఆరడుగుల అద్దం వెళ్లాలి. చెక్క ఫ్రేములో నిలబెట్టి, అంచులకు కంబళి ముక్కలు కుక్కి, తాళ్లతో బిగించారు. తల్లి కూడా ఎక్కింది, ఎడమపక్క సీట్లోకి. నీళ్ల ట్యాంకు మలుపు కనబడగానే ఆవిడ చేయి డాష్‌బోర్డు పట్టుకుంది.

"అమ్మా, నువ్వు అంత గట్టిగా పట్టుకుంటే బండి ఎలా కదులుతుంది?" అని కూతురు రెండో గేరు వేసింది.

బండి కుదుపు లేకుండా, ఒకే గొంతుతో, బరువంతా లాక్కుంటూ ఎక్కింది. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. అద్దం నిండా ఆకాశం, దాంట్లో ఒక మబ్బు ముక్క. మలుపులో ఆ మబ్బు మెల్లగా పక్కకు జరిగింది గానీ ఒక్కసారీ అదరలేదు.

కొట్టుకు తిరిగొచ్చాక ఆవిడ చీర కుచ్చిళ్లు దోపుకుని మెట్ల కింద కూర్చుంది. బీటువారిన పలకల్లో మొదటిదాన్ని బల్ల మీదికెత్తి, బద్ద ఆనించి, కట్టరుతో గీత లాగింది. టక్కుమని బీటు ఉన్న ముక్క ఊడింది.

"ఏం చేస్తున్నావు?" అంది కూతురు.

"ఫొటో ఫ్రేముల కొలతకు కోస్తున్నా. పలకకి ఆరు వస్తాయి. ఇన్నాళ్లూ ఊరికే గోడకి పెట్టి ఉంచా, తెలివితక్కువదాన్ని." రెండో పలక కోసం చెయ్యి చాపింది. "రేపు పొద్దున్నే బండి తీసే ముందు బానెట్ ఎత్తి ఏది ఏమిటో నాకు చూపించు. నేను చేతులు కట్టుకుని నిలబడతా."

"లప్పం డబ్బా కొట్టులోనే వదిలి రావాలి మరి."

"సరేలేవే" అంది తల్లి.